నల్లబడిన టెయిల్ లైట్లు ఎవరికి కనబడాలి?

కారు వెనుక దీపాలకు పొగరంగు పట్టించి నల్లగా కనిపించేలా చేసుకుంటే అందంగా ఉంటుందని ముందే ఒప్పుకుంటాను. తెల్లని బండికో బూడిదరంగు బండికో వెనుక భాగంలో కొట్టొచ్చినట్టు కనబడే ఎరుపు అణిగిపోయి, వెనుక అద్దం, బంపరు, టైర్ల నలుపులో కలిసిపోయినప్పుడు బండి ఆకారం ఇంకాస్త తీరుగా, పొందికగా కనిపిస్తుంది. ఈ మోజును నేను తేలికగా తీసిపారేయను. జీతంలోంచి కూడబెట్టిన డబ్బుతో పాత బండి కొనుక్కుని, దానిని తన అభిరుచికి తగ్గట్టు దిద్దుకోవాలనుకునే కుర్రవాడి సంబరం నాకు అర్థమవుతుంది. అయినా మా పిన్ని కొడుకు తన పాత పోలో కారుకు ఇంటి దగ్గరే ఈ పని చేసుకుంటాననీ, ఏ ఫిల్మ్ తెచ్చుకుంటే మంచిదో చెప్పమనీ అడిగినప్పుడు నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోనులో రెండు ముక్కల్లో చెప్పడం కుదరలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా వాదన ముందుగా చెప్పేస్తాను. స్టీరింగు, సీటు, అద్దాలు, హెడ్‌లైట్లు అన్నీ ఏదో ఒక రకంగా నడిపేవాడికి ఉపయోగపడేవే. టెయిల్ లైటు, బ్రేక్ లైటు, వెనుక ఇండికేటరు, రిఫ్లెక్టరు మాత్రం వెనుక వచ్చే అపరిచితుడి కోసం బిగించినవి. అవి రోడ్డు మీద పనిచేస్తున్నప్పుడు ఆ బండి యజమాని వాటిని చూడలేడు. ఆయన వాటిని చూసేది బండి ఆగి, దీపాలు ఆరి ఉన్నప్పుడే. ఈ స్మోక్డ్ లుక్, అంటే పొగరంగు రూపం, అందమంతా ఆరిన దీపం అందమే. ఆరినప్పుడు కలిగే ఆ అందం కోసం వెలిగినప్పుడు జరగాల్సిన పనిని తగ్గించుకోవడం యజమాని తన సొంత వస్తువు విషయంలో తీసుకునే నిర్ణయంలా కనిపిస్తుంది గాని, దాని ఫలితం భరించవలసినవారిలో వెనుక వచ్చే మనిషి కూడా ఉన్నాడు, ఆయనను ఎవరూ అడగలేదు.

ఇంట్లో ఈ పని చేసుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది పొగరంగు వినైల్ ఫిల్మ్. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్లా, ఆన్‌లైన్‌లోనూ లైట్ స్మోక్, డార్క్ స్మోక్ పేర్లతో చుట్టలుగా దొరుకుతుంది. లెన్సును కడిగి, సబ్బునీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, హీట్ గన్‌తో వేడిచేస్తూ వంపుల మీదికి లాగి, స్క్వీజీతో (రబ్బరు పలకతో) నీళ్లు బయటికి నెట్టి, అంచులు బ్లేడుతో కోస్తారు. రెండోది స్ప్రే డబ్బా. లెన్సు నున్నదనం పోయేదాకా సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, పలచగా రెండు మూడు పూతలు కొట్టి, చివర క్లియర్ కోటు వేస్తారు. ఫిల్మ్ తీసేయడానికి వీలవుతుంది, స్ప్రేను లెన్సు పాడవకుండా తీయడం కష్టం. రెండింటిలో ఒకటి తప్పదంటే ఫిల్మే నయమనడానికి నా దగ్గరున్న కారణం ఇదొక్కటే.

స్ప్రే విషయంలో చాలామంది గమనించని లెక్క ఒకటి ఉంది. ఒక పూత నూటికి 80 వంతుల వెలుగును బయటికి పంపిస్తుందనుకుందాం. రెండో పూత ఆ 80లో 80 వంతుల్నే పంపిస్తుంది, అంటే 64. మూడో పూతకు 51, నాలుగో పూతకు 41. పూతపూతకూ కంటికి కనిపించే తేడా కొద్దిగానే ఉంటుంది కాబట్టి "ఇంకొక్కటి వేస్తే సరిగ్గా కుదురుతుంది" అనిపిస్తూనే ఉంటుంది, అలా అనిపించినప్పుడల్లా మిగిలిన వెలుగులో అయిదో వంతు పోతుంది. పైగా చేత్తో కొట్టిన పూత అంతటా ఒకే మందంలో ఉండదు. ఒక పక్క దీపం ఇంకో పక్క దీపం కన్నా మసకగా ఉండటం ఇంటి పనిలో తరచుగా జరిగేదే.

వెలుగు సగం పోయిందంటే యజమానికి తెలియకుండా ఎలా ఉంటుందని అడగవచ్చు. నిజంగానే తెలియదు, ఈ వ్యవహారంలో అసలు చిక్కు అదే. మన కన్ను వెలుగును తక్కెడలా కొలవదు. చీకట్లో దీపపు కాంతి సగానికి పడిపోయినా కంటికి అది దాదాపు నూటికి 80 వంతుల ప్రకాశంగానే తోస్తుంది. కన్ను చిమ్మచీకటికీ మిట్టమధ్యాహ్నానికీ సర్దుకోవాలి గనుక దాని స్పందన కాంతి తీవ్రతతో సమంగా పెరగదు, సమంగా తగ్గదు. సాయంత్రం సెల్లారులో బండి నిలిపి, తమ్ముణ్ణి బ్రేకు తొక్కమని, నాలుగు అడుగుల దూరంలో నిలబడి చూసినవాడికి "బ్రహ్మాండంగా వెలుగుతోంది" అనిపించడంలో ఆయన తప్పేమీ లేదు. పరీక్షకు ఎంచుకున్న స్థలమే ఆయనను మోసం చేసింది. అదే బండిని మే నెల మిట్టమధ్యాహ్నం, సూర్యుడు లెన్సు మీద నేరుగా పడుతున్నప్పుడు, 70, 80 మీటర్ల వెనుక నుంచి, మురికి పట్టిన అద్దంలోంచి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది.

చూసే కన్ను ఎవరిదన్నది కూడా లెక్కలోకి రావాలి. అరవై ఏళ్ల మనిషి కంటి లోపలి పొరకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ల మనిషితో పోలిస్తే సుమారు మూడో వంతు మాత్రమే. వయసుతో పాటు కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. పురుషులలో కొందరికి పుట్టుకతోనే ఎరుపును గుర్తించే కణాలలో లోపం ఉంటుంది. వారికి ఎర్ర దీపం మనకు కనిపించేదాని కన్నా మసకగానే కనబడుతుంది. ఇరవై రెండేళ్ల కుర్రవాడు తన కళ్లతో పరీక్షించి సరిపోయిందని తేల్చిన దీపం, రాత్రంతా లారీ నడిపి తెల్లవారుజామున విజయవాడ హైవే మీది చిల్లకల్లు దాటుతున్న యాభై అయిదేళ్ల డ్రైవరుకు సరిపోతుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

దీపాలకు ప్రమాణాలు ఊరికే రాలేదు. మన దేశంలో ఏఐఎస్ పేరుతో ఉన్న వాహన ప్రమాణాలు దీపాల విషయంలో చాలావరకు ఐరోపా నిబంధనల బాటలోనే నడుస్తాయి. ఆ నిబంధనల ప్రకారం వెనుక పార్కింగ్ లైటుకు, అంటే టెయిల్ లైటుకు, కనీసం 4 క్యాండెలాల (క్యాండెలా అంటే కాంతి తీవ్రతకు కొలమానం) కాంతి ఉండాలి, గరిష్ఠంగా సుమారు 17 దాకా ఉండవచ్చు. బ్రేక్ లైటుకు కనీసం 60 ఉండాలి. రెండింటి మధ్య ఇంత ఎడం ఎందుకు పెట్టారంటే, వెనుకవాడు "ముందు బండి ఉంది" అనే సంకేతాన్నీ "ముందు బండి ఆగుతోంది" అనే సంకేతాన్నీ ఒకదానికొకటి పొరపడకూడదని. ఇప్పుడు 60 క్యాండెలాల బ్రేక్ లైటు మీద నాలుగో వంతు వెలుగును మాత్రమే వదిలే డార్క్ స్మోక్ ఫిల్మ్ అతికించండి. మిగిలేది 15. పక్క లేనులో వెళుతున్న మరో బండి మామూలు పార్కింగ్ లైటు 17 దాకా ఉండవచ్చునని ఇప్పుడే చెప్పుకున్నాం. అంటే ఈ బండి బ్రేకు తొక్కినా, రాత్రిపూట వెనుకవాడికి అది ఊరికే పార్కింగ్ లైటు వేసుకుని వెళుతున్న బండిలా కనిపించే అవకాశం ఉంది. దీపం కనబడుతూనే ఉంటుంది, దాని అర్థం మాత్రం మారిపోతుంది. కనబడకపోవడం కన్నా ఇది తక్కువ ప్రమాదమని నేను అనుకోను.

కాలం లెక్క కూడా చూద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. మామూలు ఫిలమెంటు బల్బు పూర్తిగా వెలగడానికి ఎల్‌ఈడీ కన్నా సుమారు 0.2 సెకన్లు ఎక్కువ పడుతుంది. ఆ వేగంలో అది అయిదున్నర మీటర్లు, అంటే ఒక కారు పొడవు కన్నా ఎక్కువ. బ్రేక్ లైట్లకు ఎల్‌ఈడీలు వాడటం మంచిదని నిపుణులు చెప్పిన కారణాల్లో ఈ 0.2 సెకన్లు ముఖ్యమైనది. అంత కష్టపడి సంపాదించిన కొద్దిపాటి వ్యవధిని మనం ఒక ప్లాస్టిక్ పొరతో వెనక్కి ఇచ్చేస్తున్నాం. వెనుక సంకేతంలో చిన్న మార్పు కూడా ప్రమాదాల లెక్కల్లో కనిపిస్తుందనడానికి అమెరికాలో గట్టి నిదర్శనం ఉంది. అక్కడ 1986 మోడల్ కార్ల నుంచి వెనుక అద్దం దగ్గర మూడో బ్రేక్ లైటు తప్పనిసరి చేశారు. అక్కడి రహదారి భద్రతా సంస్థ 1998లో దీర్ఘకాలపు లెక్కలు తీసినప్పుడు, వెనుక నుంచి ఢీకొనే ప్రమాదాలు ఆ దీపం వల్ల 4.3 శాతం తగ్గాయని తేలింది. అప్పటికే రెండు బ్రేక్ లైట్లు సరిగ్గా వెలుగుతున్న బండికి ఒక చిన్న దీపం చేర్చినందుకే అంత ఫలితం వచ్చింది. మన దేశంలో కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ ప్రమాదాలలో సుమారు అయిదింట ఒక వంతు వెనుక నుంచి ఢీకొన్నవే.

పొగమంచు గురించి వేరుగా చెప్పాలి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చే దారిలో ప్రయాణించినవారికి అది ఎంత దట్టంగా కమ్ముకుంటుందో తెలుసు. వంద మీటర్ల మేర మాత్రమే చూపు ఆనే మంచులో, ఒక వెనుక దీపం సరిగ్గా 80 మీటర్ల దగ్గర కంటికి చిక్కుతుందనుకుందాం. దాని కాంతి సగమైతే అది చిక్కే దూరం నా లెక్క ప్రకారం సుమారు 68 మీటర్లకు తగ్గుతుంది. పన్నెండు మీటర్లే కదా అనిపించవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ పన్నెండు మీటర్లు దాదాపు ముప్పావు సెకను, బ్రేకు మీద కాలు పడటానికి మనిషికి పట్టే సమయంలో అది పెద్ద భాగమే. మంచు లేని రాత్రి, వెలుగు సగమైతే దీపం కంటికి అందే దూరం నూటికి 70 వంతులకు పడిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది వెలిగే దీపాల సంగతి. నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించేది వెలగని భాగం. టెయిల్ లైటు లెన్సులోనో, కింద బంపరు మూలల్లోనో ఉండే ఎర్రటి రిఫ్లెక్టరుకు కరెంటుతో పని లేదు. వెనుక బండి హెడ్‌లైటు వెలుగును అది వచ్చిన దిక్కుకే తిప్పి పంపడం దాని పని. పొర ఎంత పలచనిదైనా వెలుగు దానిలోంచి లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి రెండుసార్లు దాటాలి. సగం వెలుగును వదిలే ఫిల్మ్ బ్రేక్ లైటుకు సగం మిగిలిస్తే, రిఫ్లెక్టరుకు పావు వంతే మిగిలిస్తుంది. నూటికి 35 వంతులు వదిలే ఫిల్మ్ అయితే రిఫ్లెక్టరుకు మిగిలేది 12 వంతులు. డార్క్ స్మోక్ వేసిన రిఫ్లెక్టరు లేనట్టే లెక్క. మన హైవేల మీద రాత్రిపూట డీజిలు అయిపోయో, బ్యాటరీ చచ్చిపోయో, టైరు పేలిపోయో బండి పక్కన ఆగినప్పుడు, లోపల మనుషులు ఉండగానే వెనుక నుంచి లారీ గుద్దేసిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ క్షణంలో అన్ని దీపాలూ ఆరిపోయిన బండి తరఫున మాట్లాడగలిగేది ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క ఒక్కటే. దానికి కూడా నలుపు పూస్తే ఆ బండి రోడ్డు మీద లేనట్టే.

సైడ్ మార్కర్ల, అంటే బండి పక్కల ఉండే గుర్తు దీపాల, సంగతి కూడా ఇలాంటిదే. మన దగ్గర చిన్న కార్లకు ఫెండరు మీదనో, పక్క అద్దం మీదనో ఇండికేటరు ఉంటుంది తప్ప వేరే సైడ్ మార్కరు ఉండదు. అమెరికాలో మాత్రం 1968 నుంచి పక్కన మార్కర్ దీపాలో రిఫ్లెక్టర్లో ఉండాలనీ, 1970 నుంచి రెండూ ఉండాలనీ నియమం. ముందువైపు కాషాయపు పసుపు, వెనుకవైపు ఎరుపు. అక్కడ చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ పాత సివిక్కో మస్టాంగో కొనుక్కుని దాని పక్క దీపాలను కూడా నల్లగా మార్చుకునే మన పిల్లలు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఆ లెన్సు చాలావరకు దీపమూ రిఫ్లెక్టరూ కలిసినది. లెన్సు మీద పోతపోసిన అక్షరాలు చూస్తే తెలుస్తుంది. పీ2 సైడ్ మార్కరుకు, ఏ రిఫ్లెక్టరుకు, ఎస్ బ్రేక్ లైటుకు, టీ టెయిల్ లైటుకు గుర్తులు. కూడలిలో పక్క నుంచి వచ్చేవాడికి బండి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేవి అవే. టెక్సాస్ చట్టం వెనుక దీపపు ఎరుపు 1000 అడుగుల దూరానికి స్పష్టంగా కనబడాలంటుంది. పొగరంగు వేశాక ఆ దూరం నుంచి కొలిచి చూసుకున్నవాడిని నేను ఇంతవరకూ కలవలేదు.

ఎదుటి పక్షంలో రెండు బలమైన వాదాలు ఉన్నాయి, వాటిని దాటవేయడం న్యాయం కాదు. మొదటిది: కంపెనీలే నల్లటి టెయిల్ లైట్లతో బండ్లు అమ్ముతున్నాయి కదా, అవి ప్రమాదం కానప్పుడు మావి ఎందుకవుతాయి? కంపెనీ దీపాన్ని నల్లటి లెన్సుతో సహా మొత్తంగా తయారుచేసి, లోపల దానికి తగిన బలమైన కాంతిని పెట్టి, ఆ రూపంలోనే పరీక్షకు పంపి అనుమతి తెచ్చుకుంటుంది. రిఫ్లెక్టరు భాగం కూడా విడిగా ఆ పరీక్షలో నెగ్గాలి. మనం అదే దీపానికి పైన పొర వేస్తే, పరీక్షలో నెగ్గిన వస్తువు అక్కడితో మరో వస్తువు అయిపోతుంది. రెండో వాదం ఇంకా లోతైనది. ఎండలో లెన్సు మీద పడిన సూర్యకాంతి లోపలికి వెళ్లి తిరిగి రావడానికి పొరను రెండుసార్లు దాటాలి, బ్రేక్ లైటు వెలుగు ఒక్కసారే దాటుతుంది, కాబట్టి పొర ఉన్న దీపం ఆరినప్పటికీ వెలిగినప్పటికీ మధ్య తేడా పెరుగుతుందంటారు. ఇది భౌతికశాస్త్రం ప్రకారం నిజమే. అయితే వెనుకవాడి కన్ను ఆ దీపాన్ని దాని ఆరిన రూపంతో మాత్రమే పోల్చి చూడదు. చుట్టూ ఉన్న ఆకాశం, మెరిసే డిక్కీ, పక్క లారీ అద్దం, ఎదురుగా తళతళలాడే తారురోడ్డు, వీటన్నిటి మధ్య ఆ సంకేతం తనంతట తాను దృష్టిని లాక్కోవాలి. దానికి కావలసింది అసలు కాంతి. పైగా నిగనిగలాడే క్లియర్ కోటు ఉపరితలం మీది ఎండ మెరుపు పొరను దాటకుండానే కంట్లో పడుతుంది. ఈ వాదానికి ఉన్న కొద్దిపాటి బలం కూడా పగటికే పరిమితం, రాత్రికీ మంచుకూ రిఫ్లెక్టరుకూ అది వర్తించదు.

చట్టం విషయంలో ఒక అపోహ ప్రచారంలో ఉంది. 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాల మీద నల్ల ఫిల్ములను నిషేధించినప్పుడు ముందు, వెనుక అద్దాలకు 70 శాతం, పక్క అద్దాలకు 50 శాతం అనే అంకెలు అందరి నోళ్లలో నానాయి. అవి అద్దాల పారదర్శకతకు సంబంధించినవి. దీపాలకు అలాంటి శాతమేదీ లేదు, అందుకే "ముప్పై శాతం దాకా నలుపు వేసుకోవచ్చు" అనే షాపు మాటకు ఆధారం లేదు. దీపం అనుమతి పొందిన రూపంలో ఉండాలి, అంతే. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టంలో తిరగరాసిన 182ఏ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చంటుంది. అయినా సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది, అంతవరకూ దాని దీపాలను క్రమం తప్పకుండా పరీక్షించే ఏర్పాటు లేదు. ట్రాఫిక్ పోలీసు ఆపితే తప్ప అడిగేవాడు ఉండడు.

ఇంకా చిన్నవే అయినా పట్టించుకోవలసిన నష్టాలున్నాయి. టెయిల్ లైటు లెన్సులు ఎక్కువగా యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేస్తారు. థిన్నరు, స్పిరిటు లాంటివి తగిలితే దానిలో సన్నటి వెంట్రుక పగుళ్లు వస్తాయి, వాటిలోంచి తేమ లోపలికి దిగుతుంది. చాలా బండ్లలో రివర్స్ లైటు కూడా అదే లెన్సులో ఉంటుంది కాబట్టి, రాత్రి వెనక్కి తీసేటప్పుడు రివర్స్ కెమెరా తెర మీద చీకటే మిగులుతుంది. అపార్టుమెంటు పార్కింగులో చిన్నపిల్లలు తిరుగుతుంటారన్న సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి.

బండిని నల్లగా తీర్చుకోవాలన్న కోరికకు దారులు లేవని కాదు. కంపెనీ బ్యాడ్జీలనూ, క్రోము పట్టీలనూ నల్ల వినైల్‌తో కప్పవచ్చు. పైకప్పును, అద్దాల డొప్పలను నల్లగా చేయించవచ్చు, బండి అసలు రంగు ఆర్‌సీలో ఉన్నదే మిగిలేంత మేరకు. వెనుక దీపాల చుట్టూ ఉండే ప్లాస్టిక్ అంచుకు నలుపు వేసినా ఎరుపు చాలావరకు అణిగినట్టు కనిపిస్తుంది. తయారీ కంపెనీ అదే మోడలుకు పై వేరియంటులో నల్లటి లెన్సు ఉన్న దీపం ఇస్తుంటే, అది మన బండికి సరిపోతుందని సర్వీసు సెంటరులో నిర్ధారించుకుని జతగా కొనుక్కోవచ్చు. ఖరీదు ఎక్కువే. పోలో విషయంలో తమ్ముడికి నేను సూచించినవి బ్యాడ్జీ, పట్టీ, పైకప్పు, ఈ మూడే.

ఇప్పటికే ఫిల్మ్ వేసి ఉంటే తీయడం కష్టం కాదు. ఎండలో కాసేపు నిలిపో, హెయిర్ డ్రయ్యరుతో మెల్లగా వేడిచేసో, ఒక మూల నుంచి లెన్సు మీదికి దగ్గరగా మడిచి నెమ్మదిగా లాగితే జిగురు చాలావరకు ఫిల్మ్‌తో పాటే వచ్చేస్తుంది. మిగిలిన జిగురుకు గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పెట్రోలు, థిన్నరు తాకించవద్దు. తీసిన తరువాత రిఫ్లెక్టరు భాగాన్ని రాత్రి పది పదిహేను మీటర్ల దూరం నుంచి, కంటి పక్కనే టార్చి పట్టుకుని చూడండి, రెండు వైపులా ఒకేలా మెరవాలి. స్ప్రే కొట్టి ఉంటే దానిని రుద్ది తీసే ప్రయత్నంలో లెన్సు ఇంకా మసకబారవచ్చు కాబట్టి దీపాన్నే మార్చుకోవడం మంచిది. ఆటోనగర్‌లో పాత బండ్ల నుంచి తీసిన దీపాలు దొరుకుతాయి. లెన్సు పగలకుండా, తయారీ గుర్తులు చెరగకుండా, లోపల తేమ మరకలు లేకుండా ఉన్నదాన్ని పగటి వెలుగులో చూసి ఎంచుకోండి.